ఇంట్లో చక్కగా వచ్చే ఫ్లయింగ్ చేంజ్‌లు పోటీలో ఎందుకు చెడిపోతున్నాయి?

రికాబు_రాణి
మా గుర్రానికి ఎనిమిదేళ్ళు, గెల్డింగ్ (వృషణాలు తీయించిన మగగుర్రం). డ్రెస్సాజ్‌లో (అరీనాలో గుర్రం కదలికలకి మార్కులు వేసే పోటీ) ప్రి సెయింట్ జార్జ్ అనే పై స్థాయి టెస్టుకి తయారవుతున్నాం. అందులో ఫ్లయింగ్ చేంజ్‌లుంటాయి, అంటే క్యాంటర్ పరుగులో ఆగకుండానే, ముందుండే కాళ్ళని ఎడమ నుంచి కుడికో కుడి నుంచి ఎడమకో మార్చుకోవడం. మా అరీనాలో నాలుగు అంగలకో చేంజ్, మూడు అంగలకో చేంజ్, రెండు వరసలూ శుభ్రంగా చేస్తాడు. పోటీకి తీసుకెళ్తే మాత్రం మొదటి రెండు చేంజ్‌లు బాగుంటాయి, మూడోదానికి ముందుకాళ్ళు మారిపోయి వెనక కాళ్ళు ఒక అంగ ఆలస్యంగా వస్తాయి. అక్కణ్ణుంచి తోక విసరడం, తల ఎత్తడం, నాకు టెన్షన్, ఇక ఆ డయాగొనల్ (అరీనాని ఐమూలగా దాటే దారి) పోయినట్టే. మార్కుల షీటు మీద ప్రతిసారీ అదే మాట, "వెనక ఆలస్యం".

కోచ్ రోజూ ఇంకా ఎక్కువ చేంజ్‌లు చేయించమంటున్నారు. డబుల్ బ్రైడిల్ (నోట్లో రెండు కడ్డీలుండే కళ్ళెం) కూడా రోజూ వేసి అలవాటు చేయమంటున్నారు. ఎక్కువ చేయించేకొద్దీ వాడు ఇంట్లో కూడా తొందరపడుతున్నాడు, డయాగొనల్ వైపు తిప్పితే చాలు నేను అడక్కముందే ఎగిరి మార్చేస్తున్నాడు. ఈ పద్ధతి మీద నాకు నమ్మకం కుదరట్లేదు. ఈ స్థాయి దాటినవాళ్ళు ఏం చేశారో చెప్పండి.

క్యాంటర్_కిట్టు
చేంజ్‌లు ఆపెయ్యండి. కొన్నాళ్ళు ఒక్కటి కూడా వద్దు. క్యాంటర్ బాగుచెయ్యండి, చేంజ్‌లు వాటంతటవే వస్తాయి.

జీను_సీను
కిట్టు చెప్పినంత సులువా? పోటీలు నెత్తిమీద పెట్టుకుని అసలే మానేస్తే వరస ఎలా కుదురుతుంది. నేను అడిగేది వేరే, జీను ఎప్పుడు చూపించారు? ఈ స్థాయి ట్రైనింగ్‌లో గుర్రం వీపు ఆకారమే మారిపోతుంది, ఆరేళ్ళప్పుడు సరిపోయిన జీను ఎనిమిదేళ్ళకి భుజాల వెనక నొక్కుతుంది. వీపు పైకి లేపితే నొప్పి పుట్టే గుర్రం చేంజ్‌లో వెనక కాళ్ళు లోపలికి ఎలా తెస్తుంది?

రికాబు_రాణి
@జీను_సీను జీను ఈమధ్యే ఫిట్టర్‌తో సరిచేయించాం. పళ్ళు కూడా చూపించాం, బాగున్నాయన్నారు.

డెక్కల_డాక్టర్
వృత్తిరీత్యా పశువైద్యుణ్ణి, పోటీ గుర్రాలే ఎక్కువగా చూస్తాను. ట్రైనింగ్ గురించి మాట్లాడేముందు ఒక ప్రశ్న. ఆలస్యం రెండు వైపులా సమానంగా ఉందా, ఒక వైపే ఎక్కువా? ఒక వైపే అయితే రెండే దారులు, వంకర లేదా నొప్పి. నడుము వెనక సాక్రోఇలియాక్ కీలు దగ్గర, వెనక కాలి సస్పెన్సరీ లిగమెంట్ (కాలి వెనక బరువు మోసే పట్టీ) దగ్గర మొదలయ్యే నొప్పి చాలాసార్లు రెండు బీట్ల ట్రాట్‌లో కుంటుగా కనపడదు. క్యాంటర్‌లోనే, అదీ చేంజ్‌లలోనే ముందు బయటపడుతుంది. "మొండికేస్తోంది" అని నా దగ్గరికి తెచ్చిన గుర్రాల్లో చాలావాటికి ఎక్కడో ఒకచోట నొప్పి ఉంది. తోక విసురుడు అలవాటని తీసిపారెయ్యకండి.

ఇంకోటి, ఇంట్లో బాగుండి పోటీలోనే చెడుతోందంటే కడుపు సంగతి కూడా చూడాలి. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. ప్రయాణంలో గంటల తరబడి గడ్డి లేకుండా నిలబెట్టి, దిగగానే జీను బిగించి క్యాంటర్ చేయిస్తే ఆ ఆమ్లం పైకి ఎగజిమ్ముతుంది. పోటీ గుర్రాల్లో కడుపు పుండ్లు చాలా మామూలు. బండిలో ఎండుగడ్డి వల కట్టండి, ఎక్కేముందు కూడా కొంచెం గడ్డి పెట్టండి.

రికాబు_రాణి
ఎడమ నుంచి కుడికి మారేటప్పుడే ఎక్కువ అండి. బండిలో గడ్డి పెడుతున్నాం కానీ దిగాక తినట్లేదు, చుట్టూ చూస్తూ నిలబడతాడు. డాక్టర్‌కి చూపించడానికి టైం తీసుకున్నాను.

హాఫ్‌హాల్ట్
డాక్టర్ గారు చెప్పింది ముందు జరగాలి, అందులో రెండో మాట లేదు. నొప్పి లేదని తేలితే నేను చెప్పేది చదవండి, కొంచెం పొడుగు.

క్యాంటర్ మూడు బీట్ల నడక. బయటి వెనక కాలు, తర్వాత లోపలి వెనక కాలూ బయటి ముందుకాలూ కలిసి, చివర లోపలి ముందుకాలు. ఆ తర్వాత నాలుగు కాళ్ళూ గాలిలో ఉండే ఒక క్షణం. చేంజ్ జరగాల్సింది ఆ క్షణంలోనే. క్యాంటర్ చదునైపోయిందంటే ఆ గాలి క్షణం చిక్కిపోతుంది, ముందుకాళ్ళు ఎలాగో మారతాయి, వెనక కాళ్ళకి టైం దొరకదు. అదే "వెనక ఆలస్యం". అంటే జడ్జి రాసేది చేంజ్ గురించే అయినా లోపం ఉన్నది దానికి ముందు అంగలో.

మీరు చెప్పినదాంట్లో నాకు ముఖ్యంగా కనపడింది మూడో చేంజ్. మొదటి రెండూ మీరు తెచ్చుకున్న క్యాంటర్‌తో గడిచిపోతున్నాయి. ఒక్కో చేంజ్‌కి గుర్రం కొంచెం సాగుతుంది, కొంచెం వంకరవుతుంది, కొంచెం ముందుకాళ్ళ మీద వాలుతుంది. మూడోదానికి చేతిలో ఏమీ మిగలదు. ఇంట్లో ఒళ్ళు వదులుగా ఉంటుంది కాబట్టి దాన్ని తనే సర్దుకుంటాడు, పోటీలో వీపు బిగిస్తాడు కాబట్టి సర్దుకోలేడు.

జర్మన్ ట్రైనింగ్ స్కేల్‌లో లయ, సడలిక, కాంటాక్ట్ (పగ్గాలతో స్థిరమైన సంబంధం), ఇంపల్షన్ (వెనక కాళ్ళ తోపుడు) తర్వాత నిటారుతనం, దాని తర్వాతే కలెక్షన్ (కూర్పు, అంటే బరువు వెనక కాళ్ళ మీదికి తెచ్చి కుదించడం) పెట్టారు. వంకర గుర్రాన్ని ఎంత కూర్చినా ఆ కూర్పు నిలవదు. ఎడమ క్యాంటర్‌లో పిరుదులు లోపలికి వస్తున్నాయేమో వెనక నుంచి ఎవరిచేతనైనా వీడియో తీయించండి. వస్తుంటే పిరుదుల్ని బయటికి నెట్టకండి, భుజాల్ని వాటి ముందుకి తీసుకురండి. భుజాలు కొంచెం లోపలికి తెచ్చి, అంటే షోల్డర్ ఫోర్‌లో, క్యాంటర్ చేయించండి. ఫ్రెంచ్ రైడింగ్ గురువు గెరినియేర్ 1733లో షోల్డర్ ఇన్ (భుజాల్ని ఇంకా ఎక్కువ లోపలికి తెచ్చే నడక) గురించి రాసినప్పటి నుంచి దీనికి ఇంతకన్నా మంచి మందు ఎవరూ కనిపెట్టలేదు.

తర్వాత చిన్న పరీక్ష. ఒక చేంజ్ చేశాక, అక్కడికక్కడే పది మీటర్ల సర్కిల్ వెయ్యగలరా? వెయ్యగలిగితే క్యాంటర్ మీ చేతిలో ఉన్నట్టు, రెండోది అడగండి. లేదంటే అడగొద్దు. అంగలు లెక్కపెట్టడం తర్వాత సంగతి.

క్యాంటర్_కిట్టు
నేను ఒక్క ముక్కలో చెప్పిందే కదా ఇది :) పొడుగ్గా చెప్తే అందరూ లైక్ కొడతారు.

లాడం99
మా ఆడగుర్రానికి చేంజ్‌లతో గొడవ లేదు, అరీనా అక్షరాల పక్కన పెట్టే పూలకుండీలతోనే. ఇంటి దగ్గర అదే రంగు పూలు కొరికి తింటుంది, పోటీలో వాటిని చూస్తే భూతం చూసినట్టే.

పంచకళ్యాణి
హాఫ్‌హాల్ట్ గారు, మీరు రాసిందంతా ఒప్పుకుంటాను కానీ అసలు ప్రశ్నకి అది జవాబు కాదు. ఆవిడ అడిగింది పోటీలోనే ఎందుకని. టెక్నిక్ లోపమే అయితే ఇంట్లోనూ కనపడాలి కదా. నా దృష్టిలో ఇది పూర్తిగా టెన్షన్, అదీ సగం గుర్రానిది, సగం రైడర్‌ది.

స్వీడన్‌లో చేసిన ఒక ప్రయోగం 2009లో వచ్చింది. రైడర్లకి "ఈసారి నువ్వు దగ్గరికొచ్చినప్పుడు గొడుగు తెరుస్తారు" అని చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా మనిషి గుండె వేగమూ పెరిగింది, గుర్రం గుండె వేగమూ పెరిగింది. మనం మూడో చేంజ్ దగ్గర ఊపిరి బిగబట్టి "ఇప్పుడు చెడుతుంది" అనుకుంటే, ఆ గొడుగు మనమే పట్టుకుని తిరుగుతున్నట్టు.

అందుకని ఏమీ చేయకుండా పోటీ జరిగే చోటికి తీసుకెళ్ళడమే మందు. ఎంట్రీ వద్దు. దింపండి, నడిపించండి, గడ్డి తిననివ్వండి, కాసేపు ఎక్కి లాంగ్ రెయిన్ మీద (పగ్గాలు పొడుగ్గా వదిలి) వాక్ చేయించి తెచ్చెయ్యండి. గడ్డి తినడం మొదలెట్టాడంటే సగం పని అయినట్టే.

హాఫ్‌హాల్ట్
@పంచకళ్యాణి లోపం ఇంట్లో కనపడట్లేదని ఎలా అంటారు? అడక్కముందే మార్చేస్తున్నాడని ఆవిడే రాసింది. అది ఇంట్లోదే. టెన్షన్ కొత్త లోపాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని పెద్దది చేసి చూపిస్తుంది.

పంచకళ్యాణి
అడక్కముందే మార్చడం రోజూ అదేపనిగా చేయించాక మొదలైంది. దానికి ముందు లేదు. పోస్టు మళ్ళీ చదవండి.

పగ్గాలు_వదులు
డబుల్ బ్రైడిల్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? తొందరపడే గుర్రానికి దాన్లో ఉండే కర్బ్ బిట్ (లీవరులా దవడని నొక్కే కడ్డీ) రోజూ వేస్తే మెడ ముడుచుకుని వెనక్కి దాక్కోవడం నేర్చుకుంటాడు. మెడ పొట్టిదైతే వీపు బిగుస్తుంది, వీపు బిగిస్తే చేంజ్ ఆలస్యం. ఆ బ్రైడిల్ ఉన్నది సైగ ఇంకా సున్నితంగా ఇవ్వడానికి, ఆపడానికి కాదు. చాలా దేశాల్లో జాతీయ పోటీల్లో ఈ స్థాయికి మామూలు స్నాఫిల్ (ఒకే కడ్డీ కళ్ళెం) కూడా అనుమతిస్తారు, మీ రూల్ బుక్ చూడండి.

ముక్కు పట్టీ కూడా. ముక్కు ఎముక మీద రెండు వేళ్ళు పట్టాలి, పక్కన కాదు. 2025లో ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య) దాన్ని కొలిచే పరికరమే తెచ్చి పోటీల్లో వాడటం మొదలెట్టింది. దవడ కదపలేని గుర్రం సడలలేదు.

జీను_సీను
డబుల్ బ్రైడిల్‌ని దెయ్యాన్ని చెయ్యకండి. నిశ్శబ్దమైన చేతుల్లో ఉంటే గుర్రానికి ఏ ఇబ్బందీ లేదు, కొన్ని గుర్రాలు స్నాఫిల్ కన్నా దాన్నే ఇష్టపడతాయి. కానీ చేంజ్ బాగుచేయడానికి దాన్ని వేయడం దండగ, ఆ మాట నేనూ ఒప్పుకుంటా. రోజూ అయితే అసలే వద్దు.

ఆక్సర్
నాది షో జంపింగ్, డ్రెస్సాజ్ వాళ్ళ మధ్య దూరానని తిట్టకండి. మా దగ్గర ఇదే జబ్బుకి వేరే పేరు. రెండు ఫెన్సుల మధ్య ఐదు అంగలని లెక్కపెట్టుకుంటూ వెళ్ళే రైడర్ రెండో అంగ దగ్గరే క్యాంటర్ పోగొట్టుకుంటాడు, ఫెన్సు మీది రెయిల్ (అడ్డకర్ర) పడుతుంది, 4 పెనాల్టీలు. అంకె మీద ధ్యాస, గుర్రం మీద కాదు.

మేం చేసే పని నేల మీద రెండు పోల్స్ (పొడుగు కర్రలు) వేసుకోవడం. గుర్రం అంగ సుమారు 3.6 మీటర్లు, కాబట్టి 18 మీటర్ల దూరంలో పెడితే ఐదు అంగలు మామూలుగా వస్తాయి. ఐదుతో వెళ్ళండి, తర్వాత అదే దూరం ఆరుతో, మళ్ళీ ఐదుతో. లయ మారకూడదు, అంగ పొడుగే మారాలి. ఆరుతో వెళ్ళేటప్పుడు చేత్తో లాగి కుదిస్తే వెంటనే తెలిసిపోతుంది, పోల్‌కి కాలు తగులుతుంది. సీట్‌తో, అంటే కూర్చునే తీరుతో, కుదించిన క్యాంటర్‌లో ఆ గాలి క్షణం పోదు. పోల్స్‌కి అబద్ధం తెలీదు, కోచ్ లేకపోయినా చెప్పేస్తాయి.

హాఫ్‌హాల్ట్
@ఆక్సర్ ఇది చాలా మంచి ఎక్సర్‌సైజ్. డ్రెస్సాజ్ గుర్రాలకి మనసు కూడా తేలికవుతుంది. మీరు ఇక్కడే ఉండండి.

సర్కిల్20
నేను కోచింగ్ చేస్తాను కాబట్టి ఆ కోచ్ తరఫున రెండు మాటలు. గుర్రం పదే పదే చేస్తేనే నేర్చుకుంటుంది, అది నిజం. ఏది పదే పదే చేయిస్తున్నాం అన్నదే తేడా. కాలు ఆనించాం, గుర్రం సరిగ్గా స్పందించింది, ఆ క్షణానే కాలు వదిలెయ్యాలి. ఆ వదలడంతోనే గుర్రానికి జవాబు అర్థమవుతుంది. వరసలో చేంజ్ మీద చేంజ్ అడుగుతుంటే వదలడానికి చోటే ఉండదు, చెడ్డ చేంజ్ తర్వాత కూడా ఇంకోటి అడుగుతాం కాబట్టి చెడ్డదీ మంచిదీ గుర్రానికి ఒకటే అయిపోతుంది. మంచివి రెండు మూడు రాగానే పగ్గాలు వదిలేసి వాక్‌కి వచ్చెయ్యండి. ఆ రోజుకి చాలు.

అడక్కముందే మార్చేయడాన్ని తప్పుగా చూడకండి. ఏం అడుగుతారో వాడికి అర్థమైపోయింది, తెలివైనవాడు. ఇప్పుడు నేర్పాల్సింది ఆగడం. డయాగొనల్ మీద ఏమీ అడక్కుండా చివరిదాకా వెళ్ళి కౌంటర్ క్యాంటర్‌లో (బయటి కాలు ముందుండే క్యాంటర్) మూల తిరగండి. ఇంకోసారి మధ్యలో వాక్‌కి తెచ్చి అదే లీడ్‌లో (అదే కాలు ముందుండేలా) మళ్ళీ బయల్దేరండి. డయాగొనల్ అంటే చేంజ్ అన్న లెక్క వాడి బుర్రలోంచి పోవాలి.

ఇక రైడర్ సంగతి. చేంజ్ అడిగేటప్పుడు చాలామంది కాలు మరీ వెనక్కి విసురుతారు, పైన భుజం ముందుకి వాలుతుంది, కిందికి చూస్తారు. గుర్రం ఆ బరువుని సర్దుకునే పనిలో పడుతుంది. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో కొత్తగా చేరినవాళ్ళని రికాబులూ పగ్గాలూ ఇవ్వకుండా, గుర్రాన్ని పొడవాటి తాడుతో గుండ్రంగా తిప్పుతూ నెలల తరబడి కూర్చోబెడతారు. పై స్థాయి రైడర్లు అది పిల్లల పాఠం అనుకుంటారు కానీ సీజన్ మధ్యలో వారానికి ఒక్కసారైనా అది చేసినవాళ్ళ సీట్ దూరం నుంచే తెలిసిపోతుంది.

కోచ్‌ని మార్చే ఆలోచన ఉంటే ముందు మాట్లాడండి. "ఎక్కువ చేయించేకొద్దీ ఇలా అవుతున్నాడు" అని వీడియో పెట్టి చూపించండి. మంచి కోచ్ వింటారు.

నల్లగుర్రం
బ్రిటన్ డ్రెస్సాజ్ గుర్రం వలెగ్రో గుర్తున్నాడా అందరికీ? 2014 డిసెంబర్‌లో లండన్ ఒలింపియా షోలో ఫ్రీస్టయిల్‌లో (సంగీతంతో చేసే టెస్టు) 94.300 శాతం. అంత గొప్ప గుర్రాన్ని రోజూ అరీనాలో అరగదీయలేదు. వాడి ట్రైనర్ కార్ల్ హెస్టర్ గుర్రాలు పచ్చికలో తిరుగుతాయి, దారుల వెంబడి హ్యాకింగ్‌కి వెళ్తాయి. మనలో ఎంతమంది గుర్రాల్ని బయటికి తీసుకెళ్తున్నాం? ఇరవై బై అరవై మీటర్ల అరీనాలోనే ఏళ్ళ తరబడి తిప్పుతాం, పైగా ఉత్సాహం లేదంటాం.

కొత్త_సవారీ
మధ్యలో అడుగుతున్నందుకు సారీ. ఫ్లయింగ్ చేంజ్‌లు ఏ వయసులో మొదలుపెట్టాలి? అమ్మకానికి పెట్టిన నాలుగేళ్ళ గుర్రం వీడియోలో చేంజ్‌లు చేస్తుంటే చూశాను, భలే ఉంది.

డెక్కల_డాక్టర్
@కొత్త_సవారీ ఆ వీడియో చూసి మురిసిపోకండి. గుర్రం ఎముకల చివర పెరుగుదల గీతలు కింది నుంచి పైకి మూసుకుంటూ వస్తాయి, అన్నింటికన్నా చివర వెన్నెముక, దానికి ఆరేళ్ళ దాకా పట్టొచ్చు. నాలుగేళ్ళ గుర్రం పచ్చికలో తనంతట తను ఎగిరి మార్చుకోవడం వేరు, వీపు మీద మనిషిని పెట్టుకుని కూర్చిన క్యాంటర్‌లో మార్చడం వేరు. అంతర్జాతీయ పోటీల్లో ప్రి సెయింట్ జార్జ్‌కి కనీసం ఏడేళ్ళు, అన్నిటికన్నా పై స్థాయి గ్రాండ్ ప్రికి ఎనిమిదేళ్ళు నిండాలన్న నిబంధన ఊరికే పెట్టలేదు.

ఆక్సర్
ఒలింపిక్స్ జంపింగ్‌కి అయితే తొమ్మిదేళ్ళు. కానీ డాక్టర్ గారూ, చిన్న వయసులో అసలేమీ చేయించకపోవడం కూడా మంచిది కాదు కదా? కొంచెం పని పడితేనే ఎముక గట్టిపడుతుంది.

డెక్కల_డాక్టర్
నిజమే, కొద్దిపాటి పని, గట్టి నేల మీద వాక్, స్వేచ్ఛగా పరిగెత్తే చోటు, ఇవి కావాలి. వద్దన్నది చిన్న సర్కిళ్ళూ, కూర్చడమూ, అదే పని మళ్ళీ మళ్ళీ. పిల్ల గుర్రాన్ని అమ్మకం కోసం తొందరపెడితే దాని అప్పు కొన్నవాళ్ళు తీరుస్తారు, గుర్రం మోస్తుంది. ఇది చూసి చూసి నాకు కడుపు మండుతుంది.

లాడం99
+1. చివరి లైన్ ప్రింట్ తీసి గుర్రపుశాలలో అంటించాలి.

రికాబు_రాణి
అప్‌డేట్. డాక్టర్ వచ్చి చూశారు, ఫ్లెక్షన్ టెస్టులు (కాలి కీలు కాసేపు మడిచి పట్టి, వదిలాక కుంటు ఉందేమో చూడటం) చేశారు, వీపు, నడుము నొక్కి చూశారు, కుంటు లేదు, నొప్పి లేదు. కడుపుకి ఎండోస్కోపీ చేస్తే పై భాగంలో చిన్న పుండ్లు కనపడ్డాయి, మందు నడుస్తోంది.

వెనక నుంచి వీడియో తీయించాను. హాఫ్‌హాల్ట్ గారు చెప్పినట్టే ఎడమ క్యాంటర్‌లో పిరుదులు లోపలికి వస్తున్నాయి, రెండో చేంజ్ తర్వాత ఇంకా ఎక్కువ. కోచ్‌కి చూపిస్తే ఆవిడ చాలాసేపు చూసి వరసలు ఆపేద్దామన్నారు. ఇప్పుడు షోల్డర్ ఫోర్, కౌంటర్ క్యాంటర్, ఆక్సర్ గారి పోల్స్. వారంలో సగం రోజులు అరీనా బయటే. డబుల్ బ్రైడిల్ గోడకి వేలాడుతోంది.

పంచకళ్యాణి
కడుపు! చూశారా, పోటీలోనే ఎందుకంటే అందుకే. సంతోషం, త్వరగా తగ్గాలి వాడికి.

హాఫ్‌హాల్ట్
వంకర కూడా ఉందిగా :) ఇద్దరం గెలిచాం అనుకుందాం.

క్యాంటర్_కిట్టు
ముగ్గురం.

రికాబు_రాణి
ఇంకో అప్‌డేట్. మందు కోర్సు అయ్యాక, మందు ఆపాక నిబంధనలు చెప్పే వ్యవధి కూడా దాటాక, ఒక స్థాయి దిగి విడి చేంజ్‌లు మాత్రమే ఉన్న టెస్టులో ఎంటర్ అయ్యాం. వార్మప్‌లో చెరో వైపు ఒక్క చేంజ్ చేసి వదిలేశాను. దిగాక గడ్డి తిన్నాడు! కుడి నుంచి ఎడమకి 7, ఎడమ నుంచి కుడికి 6.5, ఆలస్యం అన్న మాట లేదు. ఇప్పుడు వరసలు మళ్ళీ ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి? నాలుగు అంగలవి ముందా, నేరుగా మూడువా?

సర్కిల్20
చాలా బాగుంది. నాలుగువే ముందు, అది కూడా లెక్క పెట్టకుండా. డయాగొనల్ మీద రెండే చేంజ్‌లు, మధ్యలో క్యాంటర్ సర్దుకోవడానికి ఎన్ని అంగలు పడితే అన్ని తీసుకోండి. ఒకరోజు ఏడు పడతాయి, ఇంకోరోజు ఐదు.

హాఫ్‌హాల్ట్
ఒప్పుకుంటా. డయాగొనల్ బదులు పొడుగు గోడ పక్కన మొదలుపెట్టండి, గోడ ఒక వైపు నిటారుగా ఉంచుతుంది. ఎడమ నుంచి కుడికి అడిగేముందు ఎడమ షోల్డర్ ఫోర్‌లో రెండు మూడు అంగలు, పూర్తిగా నిటారుగా ఒక అంగ, అప్పుడు కాలు. చేంజ్ కాగానే కుడి షోల్డర్ ఫోర్‌లోకి. అలా రెండూ శుభ్రంగా వచ్చాకే మూడోది. మూడు అంగల వరస వచ్చే సీజన్‌కి ఉంచండి.

జీను_సీను
కండ పెరుగుతుంది కాబట్టి జీను మళ్ళీ చూపించండి, మర్చిపోకండి.